పెట్టెలోని పుస్తకాలు



భద్రాచలం అడవి పల్లెల్లో వాన పట్టిందంటే రెండో తరగతి పిల్ల ఇంటికి తెచ్చుకున్న బడి పుస్తకమూ తడుస్తుంది. తాటాకు కప్పు కింద దానికి వేరే చోటెక్కడ? ఆ నష్టం ఎవరు భరించాలి?

"ఖరీదు కట్టేదాకా ఇంకో పుస్తకం ఇవ్వం" అనే నియమం మనకు కొత్త కాదు. పైకి న్యాయంగానే ఉంటుంది. కాని మిరప కోతకు వెళ్లే తల్లి ఏమంటుంది? "ఇక పుస్తకాలు తేవద్దు" అంటుంది. డాబా ఇంటి పిల్లవాడికి ఈ శిక్ష ఎన్నడూ పడదు. అది అజాగ్రత్తకు వేసిన జరిమానా కాదు, కారే కప్పుకు వేసిన జరిమానా.

ఉపాధ్యాయుణ్ణి నిందించలేం. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద ప్రాథమిక పాఠశాలలకు పుస్తకాలు వచ్చాయి. ఎన్నోచోట్ల అవి పెట్టెల్లోనే ఉండిపోయాయి. స్టాకు రిజిస్టరులో ఒకటి తగ్గితే తన జీతంలోంచి పోతుందని భయపడే మనిషి తాళం వేయక ఏం చేస్తాడు?

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యజమాని సొమ్మును భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి గుర్తుచేసుకోండి. అతడు దొంగ కాడు. పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చాడు. భయపడ్డాడు, అంతే.

కేంద్ర ప్రభుత్వ 2017 సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం చూడండి. వెయ్యి పుస్తకాలు చదువుకోవడానికి ఇచ్చినప్పుడు ఏడాదిలో ఐదు పోవడం సబబేనని అందులో ఉంది, మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతేనే సుమా. అది కేంద్ర కార్యాలయాల మాట, మన బడులది కాదు. అయినా లెక్కల్లో అంత గట్టి ఆర్థిక శాఖే ఈపాటి ఓర్పు చూపినప్పుడు, మన విచారణ బడి ఎందుకు చూపకూడదు?

మరి పిల్లలకు బాధ్యత ఎలా వస్తుందని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చిరిగిన పేజీని ఆ పిల్లచేతనే మైదా జిగురుతో అంటింపజేయండి. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేయించండి. ఆ వెంటనే ఇంకో పుస్తకం చేతికివ్వండి. మిరప కోతల రోజుల్లో గడువు రెండు వారాలు పెంచితే మునిగిపోయేదేమీ లేదు.

కోయ ఇళ్లలో మరో సంగతి ఉంది. పుస్తకం తెలుగు, ఇంటి మాట కోయ. పిల్ల బొమ్మలు చూపిస్తూ అవ్వకు ఆ కథను తన మాటల్లో చెబుతుంది. పరీక్షలో దీనికి మార్కులుండవు. పుస్తకం గడప దాటితేగాని ఇది జరగదు.

ఈ ఆదివారం పూజ అయ్యాక మీ బడి పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఒక్కమాట అడగండి. పోయే ఆ ఐదు పుస్తకాల ఖరీదు విచారణ సంఘం భరించగలదేమో కూడా మాట్లాడండి.