గ్యాస్ అనుకున్న నొప్పి



బీర్పూర్‌లో మా పెద్దమ్మకు రెండేళ్లు కడుపునొప్పి. దావత్‌లో మటన్ తిన్న రాత్రే వచ్చేది. కుడి పక్కటెముకల కింద మొదలై భుజం దాకా పాకేది. "గ్యాసే బిడ్డా" అని గోలీ మింగి, మోకాళ్లు ముడుచుకుని, గోడకు ఒరిగి తెల్లవార్లూ కూర్చునేది. ఆ రూపం నాకింకా కళ్ల ముందే ఉంది. చివరికి జగిత్యాలలో స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు.

కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని దాచే చిన్న సంచి అది. కొవ్వు తినగానే ముడుచుకుని రసాన్ని పేగులోకి పంపుతుంది. దారిలో రాయి అడ్డుపడితే నొప్పి. కిడ్నీ రాళ్లలా ఇవి మూత్రంలో పోవు, ఎన్ని నీళ్లు తాగినా, ఏ పసరు మింగినా.

1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే డాక్టర్ ఈ సంచిని మొదటిసారి తీసేశాడు. 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా చిన్న రంధ్రాల్లోంచే తీసి చూపారు. పెద్దమ్మ పొట్ట మీదా నాలుగే గాట్లు.

ఆమె భయం కత్తి గురించి కాదు. "సంచి తీసేస్తే తిన్నది ఎట్ల అరుగుతది?" అని. ఎంత న్యాయమైన ప్రశ్న! కాలేయం రసం చేస్తూనే ఉంటుంది, అది నేరుగా పేగులోకి జారుతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పేవాళ్లుంటే ఆమె అంత భయపడేది కాదు. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆపరేషన్ అయిన మూడో రోజు పెద్దమ్మ ఇంటికొచ్చింది. కోలుకున్నాక గుట్టెక్కి నర్సింహస్వామికి దండం పెట్టుకుంది. నిన్న ఫోన్ చేస్తే, పప్పుచారు పొంగుతోందని గబగబా పెట్టేసింది.