రంగులకు బోరు నీళ్లు, వాసనకు మంచినీళ్లు

పూలతోట ఎందుకు పెట్టావని అడిగితే పూజకనో, కంటికి హాయిగా ఉంటుందనో చెబుతాం. నేనూ అదే చెబుతూ వచ్చాను. ఈమధ్య ఆ మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు. మా ఇల్లు మైపాడు వైపు, సముద్రానికి దగ్గర. రోడ్డున పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి చూడాలి, ఎవరిదీ ఇల్లు అని అడగాలి. గేటు పక్క మొక్కలన్నీ ఆ ఆశతో పెట్టినవే.

ఏ మొక్క పెట్టాలన్నది ఇక్కడ మన ఇష్టంతో తేలేది కాదు. నేల ఇసక, పోసిన నీరు నిలవదు. మధ్యాహ్నం దాటితే తూర్పు నుంచి ఉప్పుగాలి, ఎండాకాలంలో పడమటి వడగాలి. వానలు చాలావరకు అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురుస్తాయి. మిగతా ఏడాదికి బోరే గతి. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు గోదావరి ఒండ్రుకు అలవాటు పడ్డవి. అక్కడ నిగనిగలాడిన నూరువరహాలు మా దగ్గర కొన్నాళ్లకే ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నేలలో, నీళ్లలో సున్నం, క్షారం ఎక్కువైతే వేళ్లు ఇనుమును తీసుకోలేవు. గులాబీ ఇంకా సున్నితం. ఆకు అంచులు మాడిపోయి, మొగ్గ విచ్చకుండానే వాడిపోతుంది.

నిలబడేవి వేరే ఉన్నాయి. సముద్రం వైపు ఎర్రగన్నేరు వరస పెడితే గాలి దెబ్బ అదే కాచుకుంటుంది. దాని చాటున మందారం, నందివర్ధనం బతికిపోతాయి. గన్నేరు నిలువెల్లా విషం, అందుకే మేకలు ముట్టవు. పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్తగా ఉండాలి, ఎండిన పుల్లలు కూడా పొయ్యిలో పెట్టకూడదు. గేటు మీదికి కాగితంపూలు. మనం పువ్వనుకుని మురిసే ఆ రంగు నిజానికి రేకుల్లా మారిన ఆకులది. మూడు రేకుల మధ్య సన్నగా, గొట్టాల్లా, పాలిపోయినట్టుండేవే అసలు పూలు. 1767లో ఫ్రెంచి నౌకాయాత్రలో కమెర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త బ్రెజిల్‌లోని రియో దగ్గర ఈ మొక్కను సేకరించాడు. ఆ యాత్ర నాయకుడు బోగన్‌విల్ పేరే దీనికి నిలిచింది. ముద్దు చేసి నీళ్లు పోస్తే ఆకే వేస్తుంది, కాస్త ఎండగడితే విరగపూస్తుంది. గోడ పగులులోనూ లేచి ఏడాది పొడుగునా పూసే బిళ్లగన్నేరు, తొలివానకు లేచే వానలిల్లీ, చలిరోజుల్లో ఊదారంగు డిసెంబరాలు, మోడుగా నిలబడి ఎండల్లో పూసే దేవగన్నేరు. వీటితో ఏ నెలా రంగు లేకుండా పోదు.

ఉప్పగా ఉన్నా వీటికి నేను పోసేది బోరు నీళ్లే. ఊళ్లో ఎవరడిగినా ఈ పాఠం అప్పజెబుతాను, నీటి పొదుపు గురించి రెండు మాటలు కలిపి మరీ. పెరట్లోకి మాత్రం ఎవరినీ తీసుకెళ్లను.

అక్కడ రెండు మల్లె పొదలున్నాయి. సంక్రాంతి ముందు నీళ్లు మానేసి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, మళ్లీ తడి పెడితే మార్చికి మొగ్గ వేస్తుంది. అంటే బోరు మరీ ఉప్పెక్కే నెలల్లోనే దానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లు నేను క్యానుల్లో కొని పోశాను.

ఒకరోజు చేపలమ్మే ఆమె గంప దించి పెరట్లోకి వచ్చింది. "ఏందమ్మా, పూలకి గూడా క్యాన్ నీళ్లేనా?" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, వట్టి ఆశ్చర్యం. వాళ్ల వీధిలో ట్యాంకరు వస్తేగాని బిందె నిండదు. గబగబా గుప్పెడు మల్లెలు కోసి చేతిలో పెట్టాను. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోవాలనే పెట్టాను.

ఆగలేదు. బోరు ఎందుకు ఉప్పు తిరిగిందో కూడా అడగాలి కదా. నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ పెరటి బావి నీళ్లే తాగేవాళ్లం. తర్వాత వరిచేలు రొయ్యల గుంటలయ్యాయి. టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలి ఎందరో మునిగారు. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. ఇసక నేలలో గుంట ఉప్పు గుంటలోనే ఉండదు, కిందికి దిగుతుంది. మా చేను కూడా లీజుకిచ్చాం. కాగితంపూలు పాకిన ఆ గేటు లీజు డబ్బుతో పెట్టించిందే. రొయ్యలవాళ్లను తిట్టేటప్పుడు ఈ ముక్క నాకు గుర్తుకు రాదు. వచ్చినా పైకి అనను.

మరి మల్లెలు పీకేస్తానా? పీకను. రంగు దారిన పోయేవాళ్లది, వాసన నాది. సాయంత్రం దండ కట్టుకునే ఆ కాసేపూ వదులుకునేంత త్యాగం నాలో ఉందని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఇంకో పొద పెట్టను, క్యాన్ నీళ్లు నేరుగా పోయను. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి అవే పోస్తున్నాను. మొదళ్లలో సరుగుడు ఆకు మందంగా పరిస్తే తడి తొందరగా ఆరదు. పూత తగ్గింది. తగ్గనీ.

మన తీరంలో తోట పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట. నర్సరీకి బయల్దేరే ముందు మీ బోరు నీళ్లు పుక్కిలించి చూడండి. ఆ నీళ్లకు బతికే మొక్కలే కొనండి, వాటిలోనే కావలసినన్ని రంగులున్నాయి. అంతకు మించి మనసు పడితే, ఆ మొక్కకు పోసే నీళ్లు ఎవరి బిందెకు చేరాల్సినవో తెలుసుకుని కొనండి.