ముప్పదియారింటిలో ఒక్క సెల్లు

ధ్యాన భాగములు: సామెతలు 27:23, 1 కొరింథీ 12:22-26



కోలారు బంగారు గనుల మా ఊరికి 1902లోనే శివనసముద్రము నుండి కరెంటు వచ్చినది. ఆ కరెంటుతో నడచిన గనులు 2001లో మూతపడినవి. ఇప్పుడు మా బిడ్డలు తెల్లవారక మునుపే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవుచున్నారు. ముసలివారు లైన్లలో మిగిలియున్నారు. వారిని ఆదివారము ఆరాధనకు తెచ్చుటకై కరెంటుతో నడచు ఒక పాత వ్యాను కొంటిమి. దానిలో 6 వోల్టుల బ్యాటరీలు 12 వరుసగా కలుపబడి 72 వోల్టులు ఇచ్చును. ఒక్కొక్కదానిలో 3 సెల్లులు, మొత్తము 36.

గడచిన వేసవిలో వ్యాను మిట్ట ఎక్కలేక నిలిచిపోయెను. కొత్త సెట్టు ధర విని మేము నోరెత్తలేదు. "తూకానికి అమ్మేద్దాం" అని కొందరు. గనిలో ఎలక్ట్రీషియనుగా చేసిన పెద్దాయన ఒకరు, "ముందు మూతలు తీసి చూడండయ్యా" అనెను.

ఉంగరములు, గడియారములు తీసివేసి, మెయిన్ కనెక్షను విప్పి, కళ్ళద్దములు, గ్లౌజులు ధరించి, నిప్పు దగ్గరకు రానీయక చూచితిమి. ఫుల్ చార్జి తరువాత హైడ్రోమీటరు 35 సెల్లులలో 1.25కు పైన చూపెను, ఒక్కదానిలో 1.12. అందులో పలకలు నీటిపైకి తేలి ఎండియుండెను. తప్పు ఎవరిది? మాదే. డిస్టిల్డ్ వాటరు కొనుటకు బద్ధకించి, కొన్ని నెలలు బోరు నీళ్ళు పోసితిమి. కొన్ని నెలలు అదియు మరచితిమి.

వరుసలో ఒకే కరెంటు అన్ని సెల్లుల గుండా పోవలెను. బలహీనమైనది ముందుగా ఖాళీ అయినయెడల, మిగతా 35 బలముగా ఉన్నను బండి కదలదు. చార్జి ఇంకా ఎక్కించినచో మంచి సెల్లులే ఉడుకును గాని బలహీనమైనది బాగుపడదు. ఒక అవయవము శ్రమపడినయెడల అన్నియు శ్రమపడునని పౌలు చెప్పినది ఇదే గదా!

ఆ సాయంకాలమే ఒక సహోదరి అడిగెను: "చివరి లైనులోని అవ్వ ఎన్ని వారాలుగా రాలేదు?" ఎవరికిని తెలియదు. 36 సెల్లుల లెక్క మా నోటుబుక్కులో ఉన్నది. అవ్వ లెక్క లేదు. వెళ్ళి చూడగా మోకాలు వాచి మంచము మీద ఉన్నది. వ్యాను చెడినది రెండు ఆదివారములు, ఆమె రానివి అయిదు. "మొదట బండి చెడిందనుకున్నాను నాయనా. తర్వాత నేనే పాతబడ్డానేమో అనుకున్నాను" అనెను. మేము తల దించుకొంటిమి.

ప్రియులారా, పోలిక ఇక్కడ ఆగును. చెడిన బ్యాటరీని తీసి, అదే రకపు, అంతే పాతదైన మంచిదానిని పెట్టితిమి. వ్యాను మరల మిట్ట ఎక్కుచున్నది. అవ్వకు బదులుగా పెట్టుటకు ఎవరును లేరు. బలహీనముగా కనబడు అవయవములు మరి అవశ్యకమని వాక్యము చెప్పుచున్నది. మంద యొక్క స్థితిని దూరమునుండి తెలిసికొనలేము. మూత తీసి చూడవలెను, గడప దాటి అడుగవలెను.

ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారము చార్జి అయిన పిమ్మట డిస్టిల్డ్ వాటరు పోయుచున్నాము. టెర్మినళ్ళను వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వాసెలిను రాయుచున్నాము. టైర్లలో గాలి చూచుచున్నాము. అదే నోటుబుక్కులో ఎదుటి పేజీలో ఆరాధనకు రానివారి పేర్లు వ్రాయుచున్నాము. సోమవారము చీకటి పడకమునుపు ఇద్దరు వారి యింటికి వెళ్ళవలెను.

మీ సంఘములో వ్యాను లేకపోవచ్చును. ఎండిపోవుచున్న సెల్లు ఏ యింటిలో ఉన్నదో ఈ వారమే చూడుడి. మన అశ్రద్ధను ప్రభువు క్షమించి, ఒకరినొకరు చూచుకొను కన్నులు మనకిచ్చును గాక. ఆమేన్.