చెవితో చదివేవాళ్లకీ ఆ ఫైలు

అమ్మలూ,

కలెక్టరేట్‌లో నీకు సర్క్యులర్లు, సమీక్షల ప్రజెంటేషన్లు తయారుచేసే సీటు ఇచ్చారని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఆ సీట్లో కూర్చున్న నీకు పెద్దవాడిగా ఒక మాట చెప్పాలనిపించింది. నువ్వు టైపు చేసే ఫైలుని కళ్లతో చదివేవాళ్లే కాదు, చెవితో చదివేవాళ్లూ ఉన్నారు.

చూపులేనివాళ్ల కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ ఉంటుంది. తెరమీదున్న అక్షరాల్ని అది పైకి చదివి వినిపిస్తుంది. మైకేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అయితే పూర్తిగా ఉచితం. తెలుగూ చదువుతుంది, కానీ యూనికోడ్ తెలుగైతేనే. మన ఆఫీసుల్లో అను ఫాంట్లలో కొట్టే అలవాటు ఇంకా పోలేదు. తెరమీద 'పింఛను' అని ముత్యాల్లా కనబడుతుంది. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. విండోస్‌లో నిర్మలా యూఐ అనే యూనికోడ్ ఫాంటు ఎలాగూ ఉంది. మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. నీ సీటు నుంచి వెళ్లే ప్రతి కాగితం యూనికోడ్‌లోనే వెళ్లాలి.

అంతకంటే పెద్ద అడ్డంకి స్కానింగ్. చక్కగా టైపు చేసిన ఉత్తర్వుని ప్రింటు తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి పంపుతాం. అక్కడితో అది ఫొటో అయిపోతుంది. అందులో అక్షరమంటూ మిగలదు. దివ్యాంగుల పింఛను ఉత్తర్వు దివ్యాంగులే చదవలేని రూపంలో వెళ్తే అంతకన్నా అన్యాయం ఏముంటుంది? డిజిటల్ సంతకం ఉంటే అదే వాడండి. లేకపోతే సంతకం ప్రతితోపాటు అసలు వర్డ్ ఫైలు కూడా జతచెయ్యి. పీడీఎఫ్ కావాలంటే ప్రింటు దారిలో కాకుండా 'సేవ్ యాజ్'లో చేసుకుంటే శీర్షికలు శీర్షికలుగానే నిలుస్తాయి.

శీర్షికంటే గుర్తొచ్చింది. అక్షరాలు లావు చేసి, సైజు పెంచినంత మాత్రాన అది శీర్షిక అయిపోదమ్మా. వర్డ్ హోమ్ ట్యాబ్‌లో హెడింగ్ స్టైల్ ఉంటుంది, అది పెట్టు. అప్పుడు వినేవాళ్లు హెచ్ మీట నొక్కి ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి వెళ్లగలరు. అది లేకపోతే నలభై పేజీల నివేదికలో తమ మండలం సంగతి కోసం మొదటినుంచీ వినుకుంటూ రావాలి. కొత్త పేజీ కోసం ఎంటర్ పదిసార్లు కొట్టే అలవాటూ మానుకో. ఒక్కో వరసే దిగుతున్న మనిషికి అది పదిసార్లు 'బ్లాంక్' అని వినిపిస్తుంది. కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కితే చాలు.

ప్రజెంటేషన్లో ప్రతి స్లైడుకీ దానికున్న గడిలోనే పేరు పెట్టు, ఒక పేరు రెండిటికి వద్దు. బొమ్మ పెడితే ఆల్ట్ టెక్స్ట్‌లో 'గ్రాఫ్' అని రాసి వదిలెయ్యకు, ఏ మండలాల్లో భూగర్భజలం తగ్గిందో రాయి. ఎరుపు అంటే వెనకబడ్డవి, పచ్చ అంటే పూర్తయినవి అని రంగు ఒక్కదానిమీదే వదిలితే ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు ఏం చేస్తారు? పక్కన మాట కూడా ఉండాలి. సమావేశంలో 'ఇదిగో, ఇక్కడ చూడండి' అనకుండా అంకెని నోటితో చెప్పు. తెరవైపు తిరిగి మాట్లాడకు, వినికిడి తక్కువైనవాళ్లు నీ పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. స్లైడ్లు ముందురోజు సాయంత్రమే వాళ్లకి పంపిస్తే ఇంకా మంచిది.

ఇదేదో మన దయాధర్మం అనుకోకు. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పాటిస్తే పాటించొచ్చు అన్నట్టున్న నిబంధనలు చాలవని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిశీలన చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగ అధ్యయన కేంద్రమే.

రివ్యూ ట్యాబ్‌లో 'చెక్ యాక్సెసబిలిటీ' నొక్కితే చాలా లోపాలు అదే చూపిస్తుంది. అన్నీ పట్టదు. అందుకని వచ్చే సమీక్ష ఫైలు పూర్తవగానే ఎన్‌వీడీఏ పెట్టుకుని, మానిటర్ ఆపేసి, మొదటినుంచి చివరిదాకా ఒకసారి విను. నీకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ దిద్ది, అప్పుడు పంపు.

మీ పెదనాన్న