అమరావతిలో ఒక పూట



సెలవు దొరికితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని ఆలోచిస్తాం. కృష్ణ ఒడ్డునున్న అమరావతి ఊరికి ఒకసారి తీసుకెళ్లండి. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం సరిగ్గా ఏటి గట్టున ఉంది. దర్శనమయ్యాక రేవు మెట్ల మీద కాసేపు కూర్చోండి. నదిగాలికి ఒళ్లు తేలికపడుతుంది. తర్వాత 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి, రెండు వేల ఏళ్లు దాటిన మహాస్తూపం ఆనవాళ్లను చూడండి.

1797లో బ్రిటిష్ సైనికాధికారి కాలిన్ మెకంజీ ఈ స్తూపాన్ని చూసేనాటికే, అక్కడి రాళ్లను కొత్త కట్టడాలకు తవ్వుకుపోతున్నారు. దక్కినవాటిలో చాలా శిల్పాలు నేడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. కొన్ని ఈ ఊరి మ్యూజియంలోనే ఉన్నాయి. ఏనుగుకు ఎదురు నిలిచిన బుద్ధుడి కథను కూడా రాతిలో చెక్కిన పనితనం మన నేలది.

విలువ తెలియక ఒకప్పుడు పోగొట్టుకున్నాం. తెలిశాక కాపాడుకోవడం మన బాధ్యత. విహారానికి వెళ్లినప్పుడు రాతి మీద పేర్లు గీయకండి, ఏట్లో చెత్త వేయకండి. ఆ శిల్పాల కథలు పిల్లలకు చెప్పండి.