పిట్టగోడకు సాక్ష్యం ఎవరు చెబుతారు?



మన సహవాసంలో శుక్రవారం ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుందని మీకు తెలుసు. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం ఒక సహోదరుడు లేచి నిలబడ్డాడు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. నలభై రెండేళ్ళు. ఊరు మా పశ్చిమ గోదావరి వైపే. మూడు వారాల ముందు, రాత్రి రెండు గంటలకు ఛాతీ మీద బండ పెట్టినట్టయిందట. పక్క గదిలోని వంటమనిషి చూసి కఫీల్‌ని లేపింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, స్టెంట్ వేశారు, బతికాడు. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపులో పడిన రెండు రోజుల్లోనే 1,100 దినార్లు పోగయ్యాయి. ఆసుపత్రి ఖర్చుకు కొంత, జీతం రాని రెండు నెలలకు ఇంటికి పంపడానికి మిగతాది. నెలకు నూరు దినార్ల జీతమున్న అక్కలు కూడా అయిదేసి దినార్లు ఇచ్చారు. ఆయన సాక్ష్యం చెబుతుంటే ఏడవనివాళ్ళు లేరు. నేనూ ఏడ్చాను.

సాక్ష్యం మధ్యలో ఆయన ఒక మాట అన్నాడు. "మూడేళ్ళ కింద సెలవుకి ఊరెళ్ళినప్పుడు బీపీ ఉందన్నారండి. ఆరు నెలలు బిళ్ళలు వేసుకున్నాను. బాగానే ఉంది కదా అని మానేశాను." అందరం స్తోత్రం చెబుతూ ముందుకు వెళ్ళిపోయాం. ఆ మాట దగ్గర ఎవరమూ ఆగలేదు.

వెనక వరసలో కూర్చున్న ఒక నర్సు అక్క ఆగింది. ఆరాధన అయ్యాక టీ దగ్గర నన్ను పట్టుకుని, "తమ్ముడూ, ఆ ఉత్తరం సంగతి ఏమైంది?" అంది.

ఆ ఉత్తరం గురించి చెప్పాలి. అక్క కువైట్ రాకముందు ఊళ్ళ మధ్యనున్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది. వాళ్ళు గుండె ఆరోగ్యం మీద ఒక పని మొదలుపెట్టారు. నెలకు రెండేసి గ్రామాలకు ఇద్దరు నర్సులు వెళ్ళి ముప్పై దాటిన అందరికీ బీపీ, సుగరు చూస్తారు. ఉన్నవాళ్ళ పేరు పుస్తకంలో రాసుకుంటారు. బిళ్ళలు ఆపేసినవాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్తారు. ఆటో కిరాయి, పరీక్ష పట్టీలు, బిళ్ళలు కలిపి నెలకు 40 దినార్లు మన సహవాసం ఇవ్వగలదా అని అడుగుతూ ఆ ఉత్తరం అక్క ద్వారానే వచ్చింది. దానితోపాటు అక్క తన మాటగా, ఇక్కడ కూడా ఆరాధన తర్వాత ఒక బల్ల వేసి బీపీ చూద్దామంది. కమిటీలో దీనికి వచ్చిన సమయం నాలుగు నిమిషాలు. "అత్యవసరమైనవి ముందు, ఇది తర్వాత చూద్దాం" అని మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే. ఆ సహోదరుడికి గుండెపోటు రావడానికి అయిదు నెలల ముందు సంగతి ఇది.

మనం బల్ల వేసి ఉంటే ఆయనకు గుండెపోటు వచ్చేది కాదని నేను అనడం లేదు. అది ఎవరికీ తెలియదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది కూడా సరిగ్గా ఇదే. ఆ రోజు బల్ల వేసి, ఆయన బీపీ చూసి, బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టించి, గుండెపోటు రాకుండా ఉండి ఉంటే ఆయన ఏ శుక్రవారమూ లేచి సాక్ష్యం చెప్పేవాడు కాదు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మాకు కన్నీళ్ళూ ఉండేవి కావు, స్తోత్రాలూ ఉండేవి కావు. జరగని దానికి కృతజ్ఞత ఎలా చెప్పాలో మనకు చేతకాదు.

మా ఆఫీసులో కూడా ఇంతే. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి నిలబెట్టినవాడికి మేనేజరు అందరికీ కాపీ పెట్టి మెచ్చుకోలు మెయిల్ రాస్తాడు. అసలు పడిపోకుండా రెండు నెలల ముందే సరిచేసినవాడిని, "ఈ క్వార్టర్‌లో నువ్వేం చేశావు?" అని అడుగుతారు.

అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లో దీని గురించి రాశాడు. ఆపరేషన్ కావలసిన ఒక చిన్నపిల్ల పేరూ మొహమూ తెలిస్తే చిల్లర డబ్బులు సంచులతో వచ్చిపడతాయి. ఆసుపత్రుల సదుపాయాలు తగ్గి, నివారించగలిగిన చావులు కొన్ని పెరుగుతాయంటే మాత్రం ఎవరికీ కన్నీరు రాదు. మన తెలుగు నేలలోనూ ఇది కనిపిస్తుంది. 108 అంబులెన్సు 2005లో వచ్చింది. దాని కూత వినని ఊరు లేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, గుండె ఆపరేషన్ల పేరు చెబితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే. ఆ రెండింటి మూలాన బతికినవాళ్ళు మన కుటుంబాల్లోనే ఉన్నారు, నేను తక్కువ చేయడం లేదు. కానీ వాటి వెనకే 104 బండి కూడా వచ్చింది. నెలకోసారి ఊళ్ళోకి వచ్చి బీపీ, సుగరు చూసి బిళ్ళలు ఇచ్చే బండి. దాని గురించి ఎవరైనా కథలా చెప్పగా మీరు విన్నారా?

"పల్లెల్లో గుండె జబ్బులేమిటి, అవి పట్నం రోగాలు కదా" అని కమిటీలో ఒకరు అన్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు లక్షా ఎనభై వేలమంది జనాభాలో, ఏడాది పొడవునా జరిగిన ప్రతి చావుకూ కారణం ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బులవి 32 శాతం. క్షయ, విరేచనాల వంటి అంటురోగాలన్నీ కలిపితే 12 శాతమే. చుట్టూ వరిచేలూ కాలవలూ ఉన్న ఊళ్ళ లెక్క ఇది. నిజానికి మా ఊళ్ళో "రాత్రి పడుకున్నాడు, పొద్దున లేవలేదు" అన్న మాట చిన్నప్పటినుంచీ వింటున్నాను. దానికి జబ్బు పేరు ఉందని అప్పుడు తెలియదు.

కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాబట్టి, దీనికి ఒక యాప్ చేస్తే సరిపోతుందని మొదట అనిపించింది. అదీ చేసి చూశారు. పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లు ఇచ్చారు. ఎవరికి గుండె ముప్పు ఎంత ఉందో అదే లెక్కగట్టి చూపించేది. ముప్పున్నవాళ్ళు దొరికారు. కానీ చివరికి బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ సంఖ్యలో, మామూలుగా వదిలేసిన చోట్లతో పోలిస్తే, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019లో ఆ ఫలితాన్ని దాచుకోకుండా ప్రచురించారు, అది గొప్ప విషయం. చదివాక కాసేపు లాప్‌టాప్ మూసి కూర్చున్నాను. ముప్పు ఉందని తెలియడం వేరు, నెల తర్వాత నెల ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి "బిళ్ళ వేసుకున్నారా పిన్నీ?" అని అడగడం వేరు. ఆ ఉత్తరం అడిగిన 40 దినార్లు రెండోదానికి.

అది ఎంత కష్టమో మా అమ్మ దగ్గర తెలిసింది. ఆవిడకు బీపీ ఉంది. ఫోనులో అడిగితే, "వేసుకున్నా నాకేం తేడా తెలీడం లేదురా అబ్బాయ్, వేసుకోకపోయినా తేడా తెలీడం లేదు" అంటుంది. తప్పు పట్టడానికి లేదు. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1981లోనే దీనికి పేరు పెట్టాడు. ఊరంతటికీ ఎంతో మేలు చేసే నివారణ, ఊళ్ళోని ఒక్కో మనిషికి ఇచ్చేది చాలా కొంచెంగానే కనిపిస్తుంది. వంద మంది బిళ్ళ వేసుకుంటే కొద్దిమందికి పక్షవాతమో గుండెపోటో తప్పుతుంది, ఆ కొద్దిమంది ఎవరో చివరిదాకా తెలియదు. వాళ్ళకు కూడా తెలియదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పక్షిగూటి గురించీ, ద్రాక్షతోటలో కలగలుపు విత్తనాల గురించీ చెప్పే మాటల మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఇన్నేళ్ళలో దీనిమీద ప్రసంగం విన్న గుర్తు నాకు లేదు. మంచి సమరయుని మీద ఎన్ని విన్నానో లెక్కలేదు. సమరయుడి ముందు రక్తమోడుతున్న మనిషి ఉన్నాడు. పిట్టగోడ కట్టేవాడి ముందు ఎవరూ లేరు. ఖాళీ డాబా, ఇటుకల ఖర్చు, అంతే. అయినా దేవుడు దాన్ని సలహాగా చెప్పలేదు, ఆజ్ఞగా చెప్పాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1967లో న్యూయార్క్ చర్చిలో చేసిన ప్రసంగంలో సమరయుడి కథనే తీసుకుని, దారిలో పడినవాణ్ణి లేపడం మొదలు మాత్రమేననీ, ఆ యెరికో దారినే మార్చాలనీ అన్నాడు. అది యుద్ధాన్నీ పేదరికాన్నీ ఉద్దేశించిన మాట. బీపీ బల్లకు దాన్ని వాడుకుంటున్నందుకు క్షమించాలి.

దీనికి ఎదురు చెప్పవచ్చు. మా పాస్టరుగారే చెప్పారు. "బాబూ, పొరుగువాడంటే మన ముందున్నవాడు. లెక్కల్లో ఉన్న మనిషిని ప్రేమించమని ప్రభువు చెప్పలేదు." ఇందులో నిజం ఉంది. ఛాతీ పట్టుకుని పడిపోయినవాడితో, "నీ డబ్బు ఉప్పు తగ్గించమని చెప్పే శిబిరానికి ఇచ్చేశాం" అనగలిగే సంఘం నాకు వద్దు. ఆ 1,100 దినార్లలో ఒక్కటి కూడా తప్పుగా ఖర్చు కాలేదు. కానీ కమిటీ కూర్చున్న ఆ రోజు మా ముందు పడిపోయినవాడు ఎవడూ లేడు. మేము ఒకరిని వదిలి ఇంకొకరిని ఎంచుకోలేదు. మొహం కనబడలేదు కాబట్టి ఎవరూ లేరనుకున్నాం, అంతే.

నాకు ఇంకా గట్టిగా తగిలిన ఆక్షేపణ నర్సు అక్కదే. "బల్ల వేస్తే మీరంతా వచ్చి వాళ్ళకు నీతులు చెప్పకండి" అంది ముందే. నడవండి, నూనె తగ్గించండి, ఆవకాయ మానండి, రోజుకు ఉప్పు అయిదు గ్రాములు దాటనివ్వకండి అని మనం చెబుతాం. అవన్నీ నిజమే. కానీ డ్రైవరు సహోదరుడు పొద్దున పిల్లల్ని బడికి దింపడంతో మొదలుపెట్టి రాత్రి పన్నెండుకు కారు తుడిచి పడుకుంటాడు. కుబ్బూస్ ఎప్పుడు దొరికితే అప్పుడే భోజనం. ఇళ్ళల్లో పనిచేసే అక్కకు ఆ వంటగది తనది కాదు, ఉప్పు ఎంత వేయాలో తను నిర్ణయించలేదు. జూన్ ఎండలో నడవమంటే ఎక్కడ నడుస్తుంది? వాళ్ళకు గుండెపోటు వస్తే "జాగ్రత్తగా ఉండాల్సింది" అనడం, పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగినట్టే ఉంటుంది.

ఆ మాట విన్నాక పిట్టగోడ వచనం మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి గమనించనిది అప్పుడు కనిపించింది. జాగ్రత్తగా నడవమని డాబా మీదికి వచ్చినవాడికి అక్కడ ఏ ఆజ్ఞా లేదు. ఆజ్ఞ అంతా ఇల్లుగలవాడికే. మరి మన సహవాసమనే ఇంట్లో ఇల్లుగలవాళ్ళు ఎవరు? ఏసీ గదిలో పని, కంపెనీ ఇన్సూరెన్సు, ఏటా ఫుల్ బాడీ చెకప్ ఉన్న నాలాంటివాళ్ళం. కమిటీలో కూర్చునేది కూడా ఎక్కువగా మనమే.

మనకు ఇది కొత్త పాఠమూ కాదు. రాయచోటి, మదనపల్లె వైపునుంచి వచ్చినవాళ్ళకు ఆరోగ్యవరం తెలుసు. 1915లో మిషన్లన్నీ కలిసి మదనపల్లె దగ్గర పెట్టిన క్షయ ఆసుపత్రి. క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ అనే డేనిష్ వైద్యుడు దాన్ని నిలబెట్టాడు. అయితే ఆ ఆసుపత్రివాళ్ళు వచ్చిన రోగుల్ని చూసుకుంటూ కూర్చోలేదు. 1950ల్లో చుట్టుపక్కల గ్రామాలకు వెళ్ళి, దగ్గు కూడా లేనివాళ్ళతో సహా జనాన్ని పరీక్షించారు. ఇక్కడ కువైట్‌లో, కిబ్లాలో మనం ఆరాధించే చర్చి ఆవరణకు దగ్గర్లోనే అమెరికన్ మిషన్ ఆసుపత్రి పాత భవనం ఉంది. 1914లో కట్టారు, 1967లో మూతపడింది, ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. ప్రతి శుక్రవారం దాని పక్కనుంచే వెళ్తూ, సువార్త ఈ దేశానికి ఆసుపత్రి రూపంలో వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం.

మార్చి నెల కమిటీలో ఉత్తరాన్ని మళ్ళీ పెట్టాను. అప్పటి నా రాత నేనే చదివి వినిపించాను. కొంత వాదన జరిగింది. 40 కాదు, ఆరు నెలలపాటు 25 దినార్లు అని తేలింది. ఆ ఆసుపత్రికి అది చాలదు, ఒక గ్రామమే కుదురుతుందని వాళ్ళు రాశారు. బల్ల మాత్రం వేశాం. మొదటి శుక్రవారం 31 మందిని చూస్తే తొమ్మిదిమందికి ఎక్కువ ఉంది, అందులో నలుగురికి ఆ సంగతి అంతవరకూ తెలియదు. ఆ తొమ్మిదిలో ఒకణ్ణి నేను. అక్క నా చేతికి పట్టీ చుట్టి, రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా పుస్తకంలో నా పేరు రాసుకుంది.

నిన్న మెసేజ్ పెట్టింది. "తమ్ముడూ, బిళ్ళ వేసుకున్నావా? మిషన్‌కి బ్యాటరీలు అయిపోయాయి, శుక్రవారం వచ్చేటప్పుడు తీసుకురా."