శ్రద్ధ ఎవరి మీద?

ఆడవాళ్ల పనికి విలువ కట్టమని అడిగినప్పుడల్లా మనం చూపించే సాక్ష్యం శ్రద్ధ. బియ్యంలో రాళ్లేరడం, పసిబిడ్డకి మందుచుక్కలు లెక్కపెట్టి పొయ్యడం. కరోల్ గిలిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' ప్రచురించాక స్త్రీవాదులు ఈ గుణం మీద ఒక నీతిశాస్త్రాన్నే నిలబెట్టారు. నేనూ ఆ పక్షమే. మరి అదే శ్రద్ధ తూటా తయారీలో కనబడితే ఏమనాలి?

మోంటానాలో మా అమ్మాయి దగ్గరున్న ఆరునెలల్లో పక్కింటావిడతో స్నేహమైంది. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. ఆఫ్రికా వెళ్లి కేప్ బఫెలో అనే అడవిదున్నని వేటాడి వచ్చింది. తండ్రి ఇచ్చిపోయిన జోడు గొట్టాల రైఫిల్‌కి తూటాలు గ్యారేజీలో తనే చేసుకుంటుంది. ఆవిడ పని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది. పేలిన ఇత్తడి గొట్టాన్ని పారెయ్యదు. అడుగున కాలిపోయిన ప్రైమర్‌ని ఊడదీసి, గొట్టాన్ని డైలో నొక్కి పాత కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తుంది. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. గుండు బరువు 500 గ్రెయిన్లు, ముప్ఫై రెండు గ్రాములకి పైనే. బిడ్డకి పోసేదీ మందే, తుపాకీలో పోసేదీ మందే. మన భాష రెంటినీ ఒకే మాటతో ఎందుకు పిలిచిందో!

ఆ రైఫిల్ సైజు పాయింట్ 470. దాని చరిత్రలో మన దేశమూ ఉంది. పాయింట్ 450 తూటాలు తిరుగుబాటుదారుల చేతిలో పడతాయన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని ఇక్కడికి రానివ్వలేదు. ఆ లోటు పూడ్చిన సైజుల్లో ఇదొకటి. రెండు గొట్టాల గుండ్లూ ఒకేచోట తగిలేలా అలాంటి రైఫిల్‌ని ఒక నిర్ణీత తూటాతో సరిచేసి అమ్ముతారు. మందులో తేడా వస్తే గుండ్లు చెరోవైపు పోతాయి. దెబ్బతిని పొదల్లోకి పోయిన జంతువు రోజుల తరబడి చస్తుందనీ, ఆ పాపం తనకి తగలకూడదనే ఇంత తూకమనీ ఆవిడ అనేది.

ఈ మాటని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. 1907లోనే కుమావూన్‌లో జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని చంపాడు. అప్పటికది 436 మందిని పొట్టన పెట్టుకుంది. దాని కుడివైపు కోరలు రెండూ విరిగున్నాయనీ, పాత తుపాకీ దెబ్బే అందుకు కారణమనీ, అందువల్లే అడవి జంతువుల్ని వేటాడలేకపోయిందనీ ఆయనే రాశాడు. ఎవరో గురి తప్పి కాల్చి, ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నారన్నమాట. ఖరీదు కట్టినవాళ్లలో గడ్డికీ కట్టెలకీ వెళ్లిన ఆడవాళ్లున్నారు. కళ్లెదుటే అక్కని పులి ఎత్తుకుపోతుంటే వెంట పరుగెత్తిన చెల్లెలికి మాట పడిపోయింది. ఆ పులి చర్మం చూశాకే మళ్లీ మాట వచ్చిందట.

కాబట్టి తూకం కూడా నీతే. కానీ అది చంపాలని నిర్ణయం జరిగిపోయాక మొదలయ్యే నీతి. ఎలా చంపాలన్నదానికి జవాబు చెబుతుంది, ఎందుకన్న చోట నోరు మెదపదు. మన ఇళ్లలో ఆడపిల్లని అణిచి పెంచిన తల్లులు శ్రద్ధ లేక అలా పెంచారా? ఎంతో శ్రద్ధగానే పెంచారు. అందుకే గిలిగన్‌ని చదివేటప్పుడు, శ్రద్ధ ఉందా అని కాక, ఎవరి తరఫున ఉందని అడగాలనిపిస్తుంది నాకు.

దున్న ఏం చేసిందని ఒకరోజు ఆవిడని అడిగాను. లైసెన్సు డబ్బు అడవికి ఖర్చుపెడతారని, మాంసం ఊళ్లోవాళ్లు పంచుకున్నారని చెప్పింది. అలా జరిగే చోట్లు ఉన్నాయి కూడా. కానీ డబ్బు పంపడానికి తనే వెళ్లి కాల్చక్కర్లేదు కదా అన్నాను. కాసేపు త్రాసు కేసి చూసి, జీవితమంతా ఇంకొకరి పిల్లల్నీ, మంచాన పడ్డ భర్తనీ చూసుకున్నానని, ఆ గడ్డిమైదానంలో మొదటిసారి తను ఎవరికీ ఏమీ కాకుండా నిలబడ్డానని అంది. అది అర్థం కాలేదని ఏ ఆడదీ అనలేదు. దానికి దున్న ప్రాణం ఎందుకు కావలసొచ్చిందో మాత్రం ఆవిడ చెప్పలేదు, నేనూ రెట్టించలేదు.